రోగం తెలిశాకే మందు
(పాత కార్ల మరమ్మతు, విడిభాగాల గురించి కొన్ని మాటలు)

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. ఫిజిక్సులో పి.జి. చేశాము కాబట్టి నక్షత్రాల గురించో, అణువుల గురించో రాస్తామని వాళ్ళు అనుకొని ఉంటారు. కానీ ఈ హాస్టల్లో చదివిన పదో తరగతి భౌతికశాస్త్రం మాకు మొదటిసారి పనికొచ్చింది పరీక్ష హాల్లో కాదు, మా నాన్న పాత అంబాసిడర్ కారు దగ్గర. అందుకే ఆ విషయమే రాస్తున్నాము.

మా నాన్న గరివిడి చుట్టుపక్కల ఊళ్ళకు కిరాయికి కారు నడిపేవారు. పెళ్ళిళ్ళకు, రైలు స్టేషనుకు, విజయనగరం ఆసుపత్రికి. సెకండ్ హ్యాండులో కొన్న డీజిల్ కారు. అది కదిలితేనే మా ఇంటికి ఆదాయం. మేము ఇంటర్ చదివే రోజుల్లో ఒక చలికాలం పొద్దున్నే అది స్టార్ట్ కావడం మానేసింది. సెల్ఫ్ కొడితే ఇంజను నీరసంగా రెండు చుట్లు తిరిగి ఆగిపోయేది. చూసినవాళ్ళు బ్యాటరీ పోయిందన్నారు. అమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకొచ్చి డబ్బు చేతిలో పెట్టింది. కొత్త బ్యాటరీ వేశాము. నాలుగు రోజులకు మళ్ళీ అదే కథ. ఈసారి సెల్ఫ్ మోటారు మార్చాలన్నారు. ఇంట్లో డబ్బు లేదు. ఒప్పుకున్న పెళ్ళి కిరాయి కూడా చేజారిపోయింది. నిజం చెప్పాలంటే, చేతిలో డబ్బు లేకపోవడం వల్లే మేము ఆలోచించడం మొదలుపెట్టాము.

అసలు లోపం ఎక్కడ?

పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ పని ఉండదు. సిలిండరులో గాలిని బలంగా నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. చల్లటి ఇంజనుకు సాయంగా హీటరు ప్లగ్గులు ఉంటాయి. కానీ ఇంజను తగినంత వేగంగా తిరగకపోతే గాలి వేడెక్కదు, బండి అందుకోదు. కాబట్టి మా ప్రశ్న 'ఎందుకు స్టార్ట్ కావడం లేదు?' అని కాదు, 'ఎందుకు నెమ్మదిగా తిరుగుతోంది?' అని.

బ్యాటరీ నుంచి కరెంటు లావు వైరు గుండా సెల్ఫ్ మోటారుకు వెళ్ళి, ఇంజను బాడీ గుండా ఎర్త్ వైరు ద్వారా తిరిగి బ్యాటరీకి వస్తుంది. పోయే దారినే అందరూ చూస్తారు, వచ్చే దారిని ఎవరూ చూడరు. మేము ఒక మల్టీమీటరు అడిగి తెచ్చుకొని ఒక తీగను బ్యాటరీ నెగటివ్ బుడిపెకు, రెండోదాన్ని ఇంజను బాడీకి ఆనించి, నాన్నను సెల్ఫ్ కొట్టమన్నాము. అర వోల్టు కూడా దాటకూడని చోట మీటరు 3 వోల్టులు చూపించింది.

ఇప్పుడు ఓమ్ నియమం గుర్తు చేసుకోండి. V = I × R. సెల్ఫ్ మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. ఎర్త్ వైరు బిగింపు దగ్గర తుప్పు వల్ల 0.02 ఓమ్‌ల నిరోధం చేరితే చాలు, 150 × 0.02 = 3 వోల్టులు అక్కడే పోతాయి. బ్యాటరీ 12 వోల్టులు ఇచ్చినా మోటారుకు చేరేది 9 మాత్రమే. పోయిన 3 వోల్టులు 450 వాట్ల వేడిగా మారతాయి. చెయ్యి పెట్టి చూస్తే ఆ బోల్టు నిజంగానే కాలుతోంది.

బోల్టు విప్పి, తుప్పును గరుకు కాగితంతో గీకి, వాసెలిన్ రాసి బిగించాము. ఒక్క దెబ్బకు ఇంజను అందుకుంది. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రోగమేటో తెలీకుండా మందు కొనేసాం రా" అన్నారు. అప్పు మాత్రం పది నెలలు కట్టాము.

పాత బండ్ల గురించి

అంబాసిడర్ కారును హిందుస్తాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుంచి పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో తయారు చేశారు. దాని మూలం ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 2014 మేలో తయారీ ఆగిపోయింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా 2014 జనవరిలోనే ఆగిపోయింది. తయారీ ఆగిన బండికి సామాన్లు ఏటేటా తగ్గుతాయి. అందుకే పాత కారు ఉన్నవారికి రెండు విద్యలు రావాలి: లోపం కనిపెట్టడం, సామాను వెతకడం.

ఇంట్లో చేసుకోదగ్గ పనులు

ఆయిలు, ఫిల్టర్లు మార్చడం, ఫ్యాన్ బెల్టు బిగువు చూడడం, గ్రీజు కొట్టడం, బ్యాటరీ బుడిపెలు శుభ్రం చేయడం, రేడియేటరు గొట్టాలు మార్చడం మనమే చేసుకోవచ్చు. డీజిల్ లైనులో గాలి చేరితే ఫిల్టరు మీది స్క్రూ కొద్దిగా వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ, బుడగలు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చాక బిగించాలి. ఇంత తెలియక దారిలో బండి వదిలేసి వచ్చినవాళ్ళను మేము చూశాము.

పానాల విషయంలో ఒక మాట. అంబాసిడర్ బోల్టులు అంగుళాల లెక్క, మారుతివి మిల్లీమీటర్ల లెక్క. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 నంబరు పానా పట్టినట్టే ఉంటుంది కానీ జారి బోల్టు తలను అరగదీస్తుంది. తర్వాత ఉలితో కొట్టాల్సి వస్తుంది.

జాగ్రత్తలు: జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరవద్దు, గట్టి స్టాండులు పెట్టండి. వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయవద్దు. వైర్ల పని చేసేముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. పాత బ్రేకు లైనర్ల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, నోటితో ఊదవద్దు. బ్రేకులు, స్టీరింగు పని మాత్రం అనుభవమున్న మేస్త్రీ గారి చేతనే చేయించండి. అక్కడ పొరపాటుకు కట్టవలసింది డబ్బు కాదు, ప్రాణం.

సామాన్లు వెతకడం ఎలా?

మొదటి నియమం: పాత భాగాన్ని విప్పి చేతిలో పట్టుకొని వెళ్ళాలి. నోటితో చెబితే దగ్గర దగ్గరగా ఉన్నది అంటగడతారు.

రెండో నియమం: భాగం మీది నంబరు చదవాలి. ఉదాహరణకు బేరింగు మీద 6203 అని ఉంటే లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. ఈ లెక్క ప్రపంచమంతా ఒక్కటే. అప్పుడు కారు పేరుతో పని లేదు, ఏ బేరింగుల కొట్టులోనైనా దొరుకుతుంది. ఆయిల్ సీలు మీద, ఫ్యాన్ బెల్టు మీద కూడా కొలతలు ఉంటాయి. 'ఈ కారు సామాను రావడం లేదు' అనే మాట సగంసార్లు నిజం కాదు.

మూడో నియమం: ఏది పాతది కొనవచ్చో, ఏది కొనకూడదో తెలియాలి. తలుపు పిడి, అద్దం, బంపరు, లైటు గిన్నె తుక్కు కొట్టులో తీసుకోవచ్చు. బ్రేకు రబ్బర్లు, బ్రేకు గొట్టాలు, టైర్లు పాతవి కొనకూడదు.

మన దగ్గర దొరకనివి విశాఖపట్నం ఆటోనగర్‌లో, అక్కడా లేకపోతే విజయవాడ ఆటోనగర్‌లో అడగాలి. ఇంకా అరుదైనవాటికి చెన్నై పుదుపేట, కలకత్తా మల్లిక్ బజారు పేరుపొందినవి. బుష్‌లు, పిన్నుల వంటివి మంచి లేత్ షాపులో నమూనా చూపి చేయించుకోవచ్చు. బస్సు చార్జీ పెట్టేముందు ఫోనులో ఫొటో, కొలతలు పంపి అడగడం మేలు.

కాగితాల సంగతి కూడా మరవవద్దు. సొంత కారుకు 15 ఏళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. పరీక్షలో బండి నెగ్గితే మరో 5 ఏళ్ళు తిరగవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజులు బాగా పెరిగాయి. పాత బండి కొనేవారు ముందుగా ఈ లెక్క వేసుకోవాలి.

చివరి మాట

మన గరివిడి చుట్టుపక్కల గనుల్లో మాంగనీసు దొరుకుతుంది. కారు వెనుక ఉండే కమాను పట్టీల ఉక్కులో ఆ మాంగనీసే బలం. గనిలో పనిచేసినవారి పిల్లలు, బండి నడిపినవారి పిల్లలు, కూలికి వెళ్ళినవారి పిల్లలు మన హాస్టల్లో పక్కపక్కనే పడుకున్నారు. హాస్టల్లో చేరిన కొత్తలో, నాన్న ఏం చేస్తారని అడిగితే డ్రైవరు అని చెప్పడానికి మేము కొంచెం తటపటాయించేవాళ్ళం. ఆ తటపటాయింపు ఎర్త్ వైరు బోల్టు దగ్గర పోయింది. ఇంజను శబ్దం మారితే నాన్న చెవికి తెలుస్తుంది. ఎందుకు మారిందో మేము లెక్క కట్టి చెప్పగలం. ఆ రోజు కారు కదలడానికి రెండూ కావలసి వచ్చాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. తమ్ముళ్ళలో చాలామంది కూడా వాళ్ళ ఇళ్ళలో మొదటివాళ్ళే అవుతారు. చదివిన సూత్రాన్ని సెలవుల్లో ఇంటికి తీసుకెళ్ళండి. అమ్మ కుట్టుమిషను, నాన్న సైకిలు, పొలంలో మోటారు, ఏదైనా సరే. డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక్కసారి అడగండి: అసలు లోపం ఎక్కడుంది? ఆ ఒక్క ప్రశ్న మేము నాలుగు రోజుల ముందు అడిగి ఉంటే అమ్మకు పది నెలల వాయిదాలు మిగిలేవి.

ఆ కారు ఇంకా మా ఇంటి ముందే ఉంది. సెల్ఫ్ కొడితే అందుకుంటుంది.