భోషాణములోని ప్రశ్న

సంక్రాంతికి ముందు ఇల్లు దులిపించునపుడు మా మూలగదిలోని పాత భోషాణమును తెఱచితిమి. అందులో రెండు ఇత్తడి కుంకుమ భరిణెలు, ఒక తాటాకుల కట్ట, మడతలయందు చినిగిన అద్దకపు దుప్పటి, అన్నిటికి అడుగున అద్దము పగిలిన పటములో ఒక స్త్రీ ఛాయాచిత్రము కనబడినవి. ఆమె కుర్చీ ప్రక్కను నిలిచియున్నది. చేతులనిండ గాజులు, ముక్కున పుడక, చూపులో కొంచెము బెదురు. మా మనుమరాలు ఆ పటమును చేతబట్టుకొని, "ఈవిడ ఎవరు, అమ్మమ్మా?" అని అడిగినది. మేము చెప్పలేకపోతిమి. మా అక్కగారి నడిగితిమి, ఆమెయు నెఱుగదు. చెప్పగలిగిన మా అమ్మమ్మ గతించి చాలకాలమైనది. ఆమె బ్రదికియున్నపుడు ఈ భోషాణము మా కండ్లయెదుటనే యుండెను. కాని మేమొకనాడును అడుగలేదు.

వింతలను చూచుటకు మనము రైళ్లెక్కి దూరదేశములకు పోవుదుము. పోవుట మంచిదే. కాని వింత యనునది వస్తువునందు సగము మాత్రమే యున్నది, తక్కిన సగము "ఎవరు? ఎప్పుడు? ఏల?" అను ప్రశ్నలయందున్నది. ఈ మాట మాకు ఆ పటము నేర్పినది. దానిని మనసునందుంచుకొని మన తెలుగునేలమీది కొన్ని వింతలను మీకు చూపదలచితిమి.

మొదట హైదరాబాదునకు పోవుదము. మూసీనది దక్షిణపుటొడ్డున సాలార్‌జంగ్ ప్రదర్శనశాల కలదు. నిజాము ప్రభుత్వమున 1912 మొదలు 1914 వఱకు ప్రధానమంత్రిగా నుండిన మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, తన జీవితమంతయు వస్తువులను సేకరించుటయందే గడపెను. ఆయన అవివాహితుడుగనే 1949లో మరణించెను. ఆయన సేకరణము 1951 డిసెంబరు 16వ తేదీన ప్రజలకు తెఱవబడెను. ఇప్పటి భవనములోనికి 1968లో మాఱినది. అచట ఒక గడియారమున్నది. గంటగంటకు ఒక చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టి లోనికి పోవును. దానిని చూచుటకు పిల్లలు, పెద్దలు ముందుగనే వచ్చి కూర్చుందురు.

అచ్చటనే రెబెకా యను పాలరాతి విగ్రహమున్నది. ఇటలీ దేశపు శిల్పి బెంజోనీ దానిని చెక్కెను. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమునగరమున దానిని కొనెను. ఆమె మొగముపై పలుచని మేలిముసుగున్నది. ముసుగును రాయియే, మొగమును రాయియే. ఐనను ముసుగులోనుండి కనుముక్కుల తీరు స్పష్టముగా కనబడును. చూచినవారు "ఆహా, ఏమి పనితనము!" అని ముందునకు సాగుదురు. ఈమె యెవరని అడిగినవారికి మాత్రము ఒక కథ దొరకును. రెబెకా క్రైస్తవుల బైబిలులోని స్త్రీ. బావికడ దప్పిగొన్న పరదేశికిని, అతని ఒంటెలకును నీరు తోడిపోసిన కన్య. ఆమెను దూరదేశమునకు కోడలిగా పంపుటకు ముందు, పోవుట కిష్టమేనా యని బంధువులు ఆమెనే అడిగిరట. ఆమె సమ్మతించి బయలుదేరెను. త్రోవలో తనకు భర్త కాబోవు ఇస్సాకును చూచి ముసుగు వేసికొనెను. శిల్పి పట్టినది ఆ క్షణమునే. కథ తెలిసిన పిమ్మట చూడుడు, ఆ ముసుగు వెనుక నున్నది సిగ్గు మాత్రమే కాదు, తన బ్రదుకును తానే నిర్ణయించుకొన్న యొక పిల్ల నెమ్మది కూడ కనబడును.

ఇక రాయలసీమకు పోవుదము. లేపాక్షి వీరభద్రాలయము 16వ శతాబ్దమున, విజయనగరపు అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరుల పూనికతో వెలసినది. అచట ఒక స్తంభము నేలను పూర్తిగా తాకదు. యాత్రికులందఱు వంగి, ఆ స్తంభము క్రిందనుండి పైటకొంగునో తుండుగుడ్డనో ఒకవైపునుండి మఱియొకవైపునకు లాగి సంతోషింతురు. మేమును అట్లే చేసితిమి. చేసి లేచునపుడు మెడ పట్టివేయగా కాస్త వెనుకకు వ్రాలి పైకి చూచితిమి. అప్పుడు కదా అసలు లేపాక్షి కనబడినది!

పైకప్పునిండ వర్ణచిత్రములు. గిరిజాకల్యాణము, ద్రౌపదీ స్వయంవరము, కిరాతార్జునీయము. పురుషుల తలలపై పొడవైన కుళ్లాయిలు. స్త్రీలు కట్టిన చీరలు ఒకదానివలె మఱియొకటి లేదు. చారలు, గళ్లు, పూవులు, హంసలు. ఒక్కొక్క అంచునకు ఒక్కొక్క తీరు. దాదాపు 500 ఏండ్లనాడు మన స్త్రీలు ఎట్టి చీరలు కట్టిరో, కొప్పు లెట్లు ముడిచిరో ఏ గ్రంథమును ఇంత విపులముగా చెప్పదు. స్తంభములపై చెక్కిన లతలను, చతురపు పూవులను నేతగాండ్రు, అద్దకమువారు నేటికిని తమ బట్టలపైకి దించుకొనుచున్నారు. కాని ఆ వర్ణములు పెక్కుచోట్ల మాసినవి, పెచ్చులూడినవి. స్తంభము క్రింద గుడ్డ లాగుటకు వంగినవారిలో ఎందఱు తలయెత్తి చూచుచున్నారో మేము లెక్కింపలేదు. మేమే పొరబాటున చూచితిమి గదా!

గొప్ప గుడులలోనే కాక, సామాన్య గ్రామములలోను ఇట్టివి గలవు. నల్లగొండ జిల్లాలో చందుపట్ల యను ఊరున్నది. అచ్చటి యొక శిలాశాసనము 1289 నవంబరు నాటిది. కాకతి రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమునకు పోయిరనియు, వారి పుణ్యమునకై పువ్వుల ముమ్మడి యను సేవకుడు దేవునికి భూమి నిచ్చెననియు అందున్నది. అంతకుముందు రుద్రమదేవి 1295 ప్రాంతము వఱకు పాలించెనని చరిత్రకారులు తలచుచుండిరి. 1970ల దశకమున ఈ శాసనమును చదివిన పిమ్మట ఆమె మరణకాలము తెలిసినది. రాణివాసపు గ్రంథములు చెప్పని సంగతిని ఒక సేవకుని దానము చెప్పినది. ఎన్నియో తరములవారు చూచుచు పోయిన రాయియే యది. దానిపై నున్నదేమని ఒకరు అడిగి చదివినపుడు, ఆంధ్రదేశమునేలిన ఆ మహారాణి కడపటి మాట బయటపడినది.

సంగీతము మాట కొంచెము చెప్పెదము. "జో అచ్యుతానంద" యని మన తల్లులు ఉయ్యాల లూపుచు పాడిన అన్నమాచార్యులవారు 1408 నుండి 1503 వఱకు జీవించిరని ప్రతీతి. ఆయన సంకీర్తనలను కుమారుడు, మనుమలు రాగిరేకులపై చెక్కించిరి. ఆ రేకులు తిరుమల ఆలయములోని ఒక చిన్న రాతిగదిలో శతాబ్దముల తరబడి యుండెను. గడచిన శతాబ్దపు పూర్వభాగమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు పండితులు వానిని చదివి, పరిష్కరించి లోకమున కందించిరి. ఆయన 32,000 సంకీర్తనలు రచించెనందురు; దొరకినవి అందులో సగమునకు తక్కువ. వింత యేమనగా, రేకులపై పాట యున్నది, రాగము పేరున్నది. స్వరము మాత్రము లేదు. కవి యెట్లు పాడెనో ఎవరికిని తెలియదు. నేడు మనము వినుచున్న బాణీలలో పెక్కులు తరువాతివారు కూర్చినవి. రాగి మాటను కాచినది; గొంతును కాచలేకపోయినది.

ఆ యింటిలోనే మఱియొక రత్నమున్నది. అన్నమాచార్యులవారి భార్య తిమ్మక్క. సుభద్రాకల్యాణ మను ద్విపదకావ్యమును రచించినది. మనకు తెలిసినంతలో తెలుగున తొలి కవయిత్రి ఈమెయే యని పండితులు చెప్పుదురు. భర్త పేరు ప్రతియింటను మ్రోగుచున్నది. భార్య పేరును మన ఆడపిల్లలలో ఎందఱెఱుగుదురు?

చిత్రకళ, చరిత్ర, సంగీతము ఐనవి. మిగిలినది చలనచిత్రము. తెలుగున మొదటి సంపూర్ణ వాక్చిత్రము "భక్తప్రహ్లాద". హెచ్. ఎమ్. రెడ్డిగారు దానిని బొంబాయిలో తీసిరి. సురభి నాటకసమాజపు నటి కమలాబాయి లీలావతిగా నటించెను. మగవారు ఆడువేషములు కట్టుచున్న ఆ దినములలో, సురభివారి నాటకములందు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించుచుండిరి. కనుకనే తొలి వాక్చిత్రమునకు ఆమె సిద్ధముగా దొరకెను. ఆ చిత్రము 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయైనదని చాలకాలము అందఱును నమ్మిరి. పిమ్మట పరిశోధకులు సెన్సారు పత్రములను, ఆనాటి పత్రికా ప్రకటనలను వెదకి, 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో మొదట ప్రదర్శింపబడెనని తేల్చిరి. తేదీ దొరకెను గాని చిత్రము దొరకలేదు. ఆనాటి ఫిలిము సులభముగా మండునది. ఊరక నిలువయుంచినను కాలక్రమమున చివికి పొడియగునది. కమలాబాయి లీలావతిగా పలికిన మాటలను, పాడిన పాటలను మరల వినుభాగ్యము మనకు లేదు.

ఇచ్చట ఒక్క క్షణము ఆగుడు. రుద్రమదేవి మరణమును చెప్పు రాయి 730 ఏండ్లకు పైబడినది, నేటికిని చదువనగును. రాగిరేకులు 500 ఏండ్ల నాటివి, వానినుండి పాడుకొనుచున్నాము. వందయేండ్లైనను నిండని చలనచిత్రము మాత్రము పోయినది. పాతవి పోవును, క్రొత్తవి నిలుచునని మనము తలతుము. నిజము తలక్రిందుగా నున్నది. ఏది మనకు మిక్కిలి దగ్గఱగా నున్నదో, ఏది ఎప్పుడైనను దొరకుననుకొందుమో, అదియే ముందుగా జారిపోవును. దానికంటెను త్వరగా పోవునది మన యింటి ముసలమ్మల నోటనున్న పాట, వారి జ్ఞాపకములోనున్న పేరు. వానికి రాయి లేదు, రాగి లేదు. ఒక ఊపిరి యున్నంతవఱకే యవి యుండును.

మా అమ్మమ్మ వేసవి రాత్రులందు పెరటిలో నులకమంచముపై పండుకొని "ఊర్మిళాదేవి నిద్ర" పాడుచుండెడిది. పదునాలుగేండ్లు నిద్రించిన ఊర్మిళ, వచ్చినవాడు తన భర్తయని పోల్చలేక బెదరిన ఘట్టము వచ్చునప్పటికి ఆమె గొంతు తగ్గించి పాడెడిది. ఆ పాట అచ్చుపుస్తకములలో దొరకును. కాని ఆమె పాడిన వరుస ఏ పుస్తకమునందును లేదు. మేము పదియేండ్ల వయసున అది విని నిద్రపోతిమి. ఊర్మిళవలెనే మేల్కొనుట ఆలస్యమైనది.

భోషాణము తెఱచిన మఱునాడు మా చిన్నమ్మమ్మగారింటికి పోతిమి. ఆమెకు తొంబది దాటినవి, చూపు మందగించినది. పటమును ఆమె చేతికిచ్చితిమి. వెలుతురునకు త్రిప్పి, దగ్గఱగా పెట్టుకొని చాలసేపు చూచి, "పేరు రావడం లేదే తల్లీ. ఆ కుర్చీ మాత్రం మా పెదనాన్నగారింటిది" అన్నది. అంతే. పేరు దొరకలేదు. పిమ్మట ఊర్మిళ పాట నడుగగా సిగ్గుపడి, నీళ్లు త్రాగి, రెండు చరణములు పాడినది. మూడవది జ్ఞాపకము రాలేదు. మా మనుమరాలు తన సెల్‌ఫోనులో ఆ రెండు చరణములను పట్టినది. వరుస అదియే! మా అమ్మమ్మదే!

సోదరీమణులారా! ఈ పని మీరును చేయవచ్చును. దీనికి ధనము వలదు, ప్రయాణము వలదు. మీ యింటి పాత పటముల వెనుక, ఉన్నవారి పేరు, ఊరు, చుట్టఱికము మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయుడు. సిరా వలదు, అది ముందునకు ఊరును. తాటాకుల కట్టలున్నచో తడిగుడ్డతో తుడువకుడు, కట్ట విప్పి ఆకుల వరుస చెఱుపకుడు. ప్రాచ్యలిఖిత గ్రంథాలయములు హైదరాబాదునందును, తిరుపతియందును గలవు, అందలివారికి చూపుడు. పాత పట్టుచీరలను, అద్దకములను ఎల్లప్పుడు ఒకే మడతపై నుంచకుడు. మడత మార్చుచుండిన అవి చినుగవు. అన్నిటికంటె ముందు, ఇంట పెద్దవారుండిన, ఈ దినముననే వారి చెంత కూర్చుండి ఒక పాట నడుగుడు, ఒక పేరు నడుగుడు. పండుగ వెళ్లనిమ్ము, పనులు తెమలనిమ్ము అని వాయిదా వేయకుడు.

మా పటమునకు క్రొత్త అద్దము వేయించి గోడకు తగిలించితిమి. దాని వెనుక మా మనుమరాలు తన ముద్దు అక్షరములతో వ్రాసినది: "పేరు తెలియదు. కుర్చీ చిన్నమ్మమ్మ పెదనాన్నగారింటిది." పేరున్నచోట కొంత ఖాళీ విడిచినది. ఎవరికైన తెలిసినపుడు వ్రాయవచ్చునట.