మీకు తెలుసా? రాజమండ్రి టీకీ లాంగ్‌జింగ్‌కీ మొక్క ఒక్కటే

గోదావరి గట్టున తాగే పాల టీ, చైనాలో హాంగ్‌జౌ నగరపు పడమటి సరస్సు పక్క కొండవాలుల్లో పుట్టే లాంగ్‌జింగ్ గ్రీన్ టీ, రెండూ కెమెల్లియా సైనెన్సిస్ అనే ఒకే జాతి మొక్క ఆకులే. తేడా అంతా కోశాక జరిగే పనిలో ఉంది. మన టీపొడికి ఆకును నలిపి, చీల్చి, గాలి తగిలి నల్లబడనిస్తారు. లాంగ్‌జింగ్ ఆకును మాత్రం కాసేపు ఆరబెట్టి, వేడి ఇనప మూకుడులో వట్టి చేత్తో వేయిస్తారు. ఆ వేడికి ఎంజైములు పని మానేస్తాయి, పచ్చదనం నిలుస్తుంది. అదమడం, విసరడం, రుద్దడం వంటి చేతి కదలికలు సంప్రదాయం ప్రకారం పది. అలా అదిమి అదిమి వేయించడం వల్లే ఆకు చుట్టుకోకుండా బల్లపరుపుగా తయారవుతుంది. చైనా సంప్రదాయ తేయాకు తయారీ పద్ధతులకు 2022లో యునెస్కో గుర్తింపు దక్కింది.

లాంగ్‌జింగ్ వాసన చెస్ట్‌నట్‌లా ఉంటుందంటారు. మనవైపు వాళ్లకి కాల్చిన పనసగింజ అంటే తొందరగా తెలుస్తుంది. ఏప్రిల్ 5 ప్రాంతంలో, అంటే దాదాపు మన ఉగాది రోజుల్లో, వచ్చే చింగ్‌మింగ్ అనే చైనా పండుగకు ముందు కోసిన చిగురుకే గిరాకీ. చలికి మెల్లగా ఎదిగిన ఆ చిగురులో అమైనో ఆమ్లాలు ఎక్కువ, వగరు తక్కువ.

కోనసీమలో పండించొచ్చా? కష్టమే. తేయాకుకు ఆమ్ల గుణమున్న, నీరు నిలవని నేల కావాలి. డెల్టా బంకమన్ను వరికే నప్పుతుంది.

లాంగ్‌జింగ్ కాచేటప్పుడు సలసలా మరిగే నీళ్లు పోయకండి, చేదెక్కుతుంది. 80 డిగ్రీలు చాలు. పాలు, పంచదార అసలే వద్దు. అదే ఆకుకు రెండు మూడుసార్లు నీళ్లు పోసుకోవచ్చు.