శ్రీశైలం బయలుదేరేముందు టైరులో గాలి చూచుకోండి

దోర్నాల: మార్కాపురం చుట్టుపక్కల పల్లెల నుంచి మోటారు సైకిళ్లపై శ్రీశైలం వెళ్లేవారు ఏటా చాలామందే ఉంటారు. పెట్రోలు నిండా పోయిస్తారు. హారను, లైటు సరిచూచుకుంటారు. టైరును మాత్రం బొటనవేలితో నొక్కి, గట్టిగానే ఉందనుకొని బయలుదేరుతారు. దోర్నాల దాటితే దాదాపు 50 కిలోమీటర్లు నల్లమల అడవి, ఘాట్ మలుపులు. నడిమధ్య టైరు దిగిపోతే పంక్చరు వేసే దిక్కు దొరకడం కష్టం.

ఊళ్లో ఒక్కరు తిరిగినప్పటి గాలితోనే భార్యను, రెండు సంచులను ఎక్కించుకోవడం చాలామంది చేసే పొరపాటు. బరువుకు తగిన గాలి లేకపోతే టైరు పక్కలు అదేపనిగా మడతపడి వేడెక్కుతాయి. తారురోడ్డు ఎండవేడి కూడా తోడైతే టైరు దెబ్బతిని పేలిపోయే ప్రమాదముంది. మలుపుల్లో వెనుక చక్రం ఊగుతుంది.

వేసవిలో గాలి వ్యాకోచిస్తుందని తగ్గించి కొట్టించేవారున్నారు. ఇది సరికాదు. గాలి తగ్గితే టైరు మరింత వేడెక్కుతుంది. అలాగని ఎక్కువ కొట్టించినా మంచిది కాదు. టైరు నడిమి భాగమే రోడ్డును పట్టుకుంటుంది. ఇసుక, కంకర మీద బ్రేకు వేస్తే బండి జారుతుంది.

ఎంత ఉండాలి?

బండితో ఇచ్చిన పుస్తకంలో ఈ లెక్క ఉంటుంది. ఉదాహరణకు స్ప్లెండర్ ప్లస్ బండికి ముందు టైరులో 25 పాయింట్లు, వెనుక టైరులో ఒక్కరికైతే 28, ఇద్దరికైతే 41 అని కంపెనీ సూచించింది. అన్ని బండ్లకూ ఇదే లెక్క వర్తించదు. టైరు పక్కన అచ్చువేసిన అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ ఒత్తిడి మాత్రమే. అంతవరకు కొట్టించమని దాని అర్థం కాదు. ముగ్గురు ఎక్కితే మాత్రం ఏ లెక్కా పనిచేయదు. అది చట్టరీత్యా నేరం కూడా.

ఎప్పుడు చూడాలి?

తెల్లవారి, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కొంతదూరం నడిచాక రెండు నుంచి నాలుగు పాయింట్లు పెరగడం సహజం. ఎక్కువైందని దారిలో గాలి తీసివేయరాదు. చల్లారాక తక్కువపడుతుంది. బంకు దూరమైతే చిన్న గేజి ఒకటి కొని ఇంటివద్దనే చూచుకోవాలి. నాలుగు పాయింట్లు తక్కువుంటే, బంకుకు వెళ్లాక అక్కడ గేజి చూపే అంకెకు నాలుగు కలిపి కొట్టించుకోవాలి. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలన్నది నిబంధన. డబ్బు ఇవ్వనక్కరలేదు.

వాల్వు మూత ఉన్నదీ లేనిదీ, టైరులో మేకు దిగి ఉన్నదీ లేనిదీ కూడా అప్పుడే చూచుకోవాలి. తిరిగివచ్చి మళ్లీ ఒక్కరే తిరిగేటట్లయితే వెనుక గాలిని ఒక్కరి లెక్కకు తగ్గించాలి. ఐదు నిమిషాల పని ఇది. ఇద్దరి ప్రాణాలు ఆ రెండు చక్రాల మీదనే ఉంటాయి.