మీకు తెలుసా? పెద్ద తేలు కన్నా చిన్న తేలే ప్రమాదం

పాకాల చుట్టుపక్కల పల్లెల్లో చేని గట్టున రాయి తిప్పితే మండ్రగబ్బ అనే నల్లటి పెద్ద తేలు బయటపడిందనుకోండి, చూడ్డానికి పదిమంది పోగవుతారు. అదే గోడ పగులులోంచి వేలెడంత ఎర్రతేలు వస్తే, చెప్పుతో ఒక దెబ్బ వేసి ఎవరి పనికి వాళ్లు పోతారు. నిజానికి భయపడాల్సింది ఈ రెండోదానికే.

మండ్రగబ్బ కుడితే నొప్పి, వాపు తప్పవు గానీ ప్రాణం మీదికి రావడం అరుదు. దాని బలమంతా ముందరి చేతుల్లో ఉంటుంది, పురుగుల్ని వాటితోనే నలిపేస్తుంది. ఎర్రతేలుకు చేతులు సన్నం, తోక లావు. వేటలో అది నమ్ముకునేది విషాన్నే. ప్రపంచంలో 2,500కు పైగా తేళ్ల జాతులున్నాయి. మనిషిని చంపగలిగేవి వాటిలో చాలా కొద్ది, అవీ దాదాపు అన్నీ ఎర్రతేలు కుటుంబానివే. దక్షిణ భారతంలో దొరికే గైగాంటోమెట్రస్ స్వామర్‌డామి అనే మండ్రగబ్బ 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ప్రపంచంలోని అతి పెద్ద తేళ్లలో ఒకటైన ఆ జానెడు జీవికి లేని పేరు, వేలెడంత హాటెన్‌టోటా టామ్యులస్‌కు వైద్య గ్రంథాల్లో ఉంది. మన ఎర్రతేలు శాస్త్రీయ నామం అదే.

ఎర్రతేలు విషం నరాల మీద పనిచేస్తుంది. ఒంట్లో అడ్రినలిన్ లాంటివి ఒక్కసారిగా ఊరి బీపీ పెరుగుతుంది, గుండె అలిసిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నొప్పి తక్కువగా ఉందని ధైర్యపడకూడదు. చెమటలు పట్టి, వాంతులై, కాళ్లూ చేతులూ చల్లబడుతుంటే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. పిల్లలైతే లక్షణాల కోసం ఎదురుచూడకుండానే తీసుకెళ్లాలి. కోయడం, గట్టిగా కట్టడం వద్దు.

దీనికి మందు కనిపెట్టింది పెద్ద నగరంలోని పరిశోధనశాల కాదు. మహారాష్ట్ర కొంకణంలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్, బీపీకి వాడే ప్రాజోసిన్ మాత్రను తేలుకాటుకు వాడి చూశారు. విషం తలకెక్కి వచ్చినవాళ్లలో అంతకుముందు నూటికి ముప్పై నలభై మంది పోయేవారు. ఆ మాత్ర వచ్చాక అది ఒకరిద్దరికి తగ్గింది. ఆయన 1986లో దీని గురించి 'లాన్సెట్' పత్రికలో రాశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆలస్యంగానే అనుకోండి.

మరి తేలు మంత్రం? మన పల్లెల్లో అది తెలిసినాయన ఒకరైనా ఉంటారు. కుట్టే తేళ్లలో ఎక్కువ భాగం ప్రాణాంతకం కానివే, నొప్పి కొన్ని గంటల్లో దానంతటదే దిగుతుంది. ఆ ఉపశమనమంతా మంత్రం ఖాతాలో పడుతుంది. కర్నూలు జిల్లా కోడుమూరు కొండమీద శ్రావణమాసంలో తేళ్లను పట్టి ఒంటిమీద పాకించుకుంటారు. అక్కడా మంత్రమేమీ లేదు, తేలు ఊరికే కుట్టదు. విషం తయారీ దానికి ఖర్చుతో కూడిన పని, ఒక్కోసారి విషం దించకుండా ఉత్తినే పొడిచి వదిలేస్తుంది కూడా.

తేలు పిల్లలు తల్లిని తినేసి పుడతాయన్నది ఉత్తమాట. తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. తెల్లటి ఆ పిల్లలు తల్లి వీపెక్కి, మొదటిసారి పొర విడిచేదాకా అక్కడే ఉంటాయి. అన్నాళ్లూ వాటికి ఒంట్లో ఉన్న నిల్వే ఆహారం.

చీకట్లో తేలు మీద అతినీలలోహిత టార్చి వేస్తే పచ్చగా, నీలంగా మెరుస్తుంది. పైపెంకులోని కొన్ని రసాయనాల వల్ల వచ్చే వెలుగు అది. శాస్త్రవేత్తలు రాత్రిపూట తేళ్లను వెతికేది ఈ దీపంతోనే. రాళ్ల గుట్టల పక్కన ఇల్లున్నవాళ్లకూ పనికొచ్చేదే గానీ, అప్పుడే పొర విడిచిన తేలు మాత్రం పెంకు గట్టిపడేదాకా మెరవదు.