స్పీడా? బలమా? తేల్చేది గేరే!

ఓయూ ఇంజినీరింగ్ కాలేజీలో చదివే మా నలుగురికీ తార్నాకలోని రూమే వర్క్‌షాపు. ఈసారి 8 కిలోల రోబోతో ఫైట్‌కి దిగుతున్నాం. మ్యాచ్ 3 నిమిషాలే. మధ్యలో మోటారు కాలిందా... నెలల కష్టం, పాకెట్ మనీ రెండూ బూడిదే!

అందుకే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లేముందే కాగితం మీద లెక్క వేశాం. చక్రం వ్యాసం 10 సెంటీమీటర్లు. గేర్‌బాక్స్ దాటాక 500 ఆర్‌పీఎం వస్తే, సెకనుకు సుమారు 2.6 మీటర్ల వేగం. చిన్న అరీనాకి అది చాలు.

మరి బలం? బరువంతా రెండు చక్రాల మీదే. రబ్బరు పట్టు 0.7 అనుకుందాం. 8 × 0.7 × 5 (వ్యాసార్ధం) = 28 కేజీ-సెం.మీ. టార్క్. అంటే ఒక్కో మోటారుకి 14. కానీ చక్రం బిగుసుకుపోతే మోటారు కరెంటు విపరీతంగా లాగుతుంది. కాయిల్ కాలేది అప్పుడే. కాబట్టి స్టాల్ టార్క్ దానికి రెట్టింపు, అంటే 28 ఉన్నదే తీసుకున్నాం. ఎదుటి రోబోని ఎంత నెట్టినా ముందు చక్రం జారుతుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

గేరు సూత్రం సింపుల్. వేగాన్ని మూడో వంతుకి తగ్గిస్తే బలం దాదాపు మూడింతలవుతుంది. రెండూ ఒకేసారి దొరకవు.

మీరూ రోబో చేస్తున్నారా? ముందు బరువు తూచండి, చక్రం కొలవండి. మోటారు ఆ తర్వాతే కొనండి బాస్!