నర్సులు లెక్క తేల్చారు... చట్టాలు మారాయి!

రోగి మంచం పక్కన ఎక్కువసేపు ఉండేది నర్సే. ఆమె చూసినదాన్ని పద్ధతిగా లెక్కగడితే ప్రభుత్వాలూ కదులుతాయి. అలాంటి కొన్ని విశేషాలు...

* క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికుల్ని గాయాలకంటే రోగాలే ఎక్కువగా బలిగొన్నాయి. ఫ్లారెన్స్ నైటింగేల్ ఆ మరణాలను నెలలవారీగా లెక్కించి, 1858లో పూరేకుల్లాంటి రంగుల చిత్రంగా అచ్చు వేయించారు. సైనిక శిబిరాల్లో పారిశుద్ధ్య సంస్కరణలకు ఆ లెక్కలే బలమిచ్చాయి.

* నైటింగేల్ భారతదేశంలో అడుగుపెట్టలేదు. అయినా ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నావళి పంపి వివరాలు తెప్పించుకున్నారు. 1863 నాటి రాయల్ కమిషన్ నివేదికకు అవి ఆధారమయ్యాయి. కరవులు తగ్గాలంటే పొలాలకు నీళ్లివ్వాలంటూ, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన కాటన్ దొర వాదనకూ ఆమె గట్టిగా మద్దతు పలికారు.

* పేలు, చర్మవ్యాధులు, కంటిజబ్బులు ఉన్నాయని న్యూయార్క్ బడులు పిల్లల్ని ఇంటికి పంపేసేవి. 1902లో ప్రజారోగ్య నర్సు లిలియన్ వాల్డ్ చొరవతో లీనా రోజర్స్ అనే నర్సును ప్రయోగాత్మకంగా నాలుగు బడుల్లో పెట్టారు. బడిలోనే వైద్యం, ఇంటికెళ్లి తల్లులకు సలహాలు! గైర్హాజరు బాగా తగ్గింది. దాంతో నగరపాలక సంస్థే మరికొందరు నర్సులను నియమించింది.

* నర్సుకు అదనంగా ఒక్క రోగిని అప్పగించినా ప్రమాదమే. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ఈ సంగతి తేల్చింది. అలా పెరిగే ఒక్కో రోగికీ, శస్త్రచికిత్స అయినవారు 30 రోజుల్లోపు చనిపోయే ముప్పు 7 శాతం ఎక్కువగా కనిపించింది.

* ఒక్కో నర్సు ఎందరు రోగులను చూడాలో అమెరికాలో మొదట చట్టం చేసింది కాలిఫోర్నియా. 1999లో చేసిన ఆ చట్టం 2004లో ఆచరణలోకి వచ్చింది. అక్కడి ఐసీయూల్లో నర్సుకు ఇద్దరు రోగులకు మించకూడదు.

* నర్సులను పెంచితే ఖర్చు తడిసిమోపెడవుతుందా? 2016లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఇలాంటి నిబంధనే తెచ్చింది. తర్వాత చూస్తే, రోగులు త్వరగా కోలుకుని ఇంటికెళ్లడం, మళ్లీ చేరేవాళ్లు తగ్గడంతో మిగిలిన డబ్బు, కొత్త నర్సులకైన ఖర్చుకు రెట్టింపు ఉందని పరిశోధకులు 2021లో వెల్లడించారు.

* సాధారణ కాన్పుల్లో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ల సేవలు మంచి ఫలితాలిస్తాయని ఎన్నో దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. సిజేరియన్లు ఎక్కువగా జరిగే తెలంగాణ 2017లో కరీంనగర్‌లో నర్సులకు ఈ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. మన నర్సులకు పరిశోధన చేసే వీలు, విధానాలు రాసే కమిటీల్లో చోటు దక్కితే ఈ జాబితా ఇంకా పెరుగుతుంది.