తోటలో గాలిమర పెడదామా? కామవరపుకోట మెట్టలో కొనేముందు ఈ లెక్క చూసుకోండి

ఫోన్‌లో వీడియో వస్తుంది. మేడ మీద చిన్న ఫ్యాన్ లాంటిది గిర్రున తిరుగుతుంటుంది.. కింద లైట్లు వెలుగుతుంటాయి. రాత్రీ పగలూ కరెంటే, బిల్లు జీరో అంటాడు అమ్మే ఆయన. ఏలూరు జిల్లా కామవరపుకోట మెట్టలో ఇల్లు, తోట ఒక్కచోటే ఉన్నవాళ్లకు ‘మన దగ్గరా గాలి వీస్తుంది కదా, ఒకటి పెట్టేస్తే పోలా’ అనిపించడం సహజం. మరి పెట్టొచ్చా? కొన్ని చోట్ల పెట్టొచ్చు. చాలా చోట్ల మాత్రం లక్ష దాటే సామాను ఊరికే అలంకారంగా మిగులుతుంది.

కారణం గాలి లెక్కలో ఉంది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి రెట్టింపు కాదు.. ఏకంగా 8 రెట్లు అవుతుంది. వేగం సగమైతే శక్తి 8వ వంతుకు పడిపోతుంది. రెక్కలు తిరిగే వ్యాసం 2.5 మీటర్లు ఉన్న గాలిమరనే తీసుకుందాం. గాలి సెకనుకు 3 మీటర్లు, అంటే గంటకు 11 కిలోమీటర్ల వేగంతో వీస్తే, రెక్కల గుండా పోయే గాలిలో ఉండే శక్తి 80 వాట్లే. ఎంత గొప్ప మర అయినా అందులో 59 శాతానికి మించి పట్టలేదు. ఇది కంపెనీ లోపం కాదు, ప్రకృతి పెట్టిన హద్దు. చిన్న మరలు 30 శాతం పడితే అదే ఎక్కువ. అంటే చేతికొచ్చేది 24 వాట్లు! ఒక బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరగడానికి కూడా చాలదు. రోజంతా ఆగకుండా వీచినా అర యూనిట్ పైచిలుకు. అదే గాలి 6 మీటర్ల వేగంతో వీస్తే 190 వాట్ల పైనే, రోజుకు నాలుగున్నర యూనిట్లు. మర అదే, పెట్టిన డబ్బూ అదే.. చోటు ఒక్కటే మారింది.

మరి డబ్బా మీద ‘1 కిలోవాట్’ అని ఎందుకుంటుంది? దాని పక్కనే చిన్న అక్షరాల్లో గాలి వేగం కూడా ఉంటుంది, అది చదవండి. మామూలుగా సెకనుకు 11, 12 మీటర్లు రాస్తారు. గంటకు 40 కిలోమీటర్లన్నమాట. ఆ గాలిలో గొడుగు పట్టుకోవడమే కష్టం.

మెట్టలో అడ్డం చెట్లే..

కామవరపుకోట, జంగారెడ్డిగూడెం వైపు ఎటు చూసినా పామాయిల్, కొబ్బరి, ఆ నీడలో కోకో. రైతుకు అవి బంగారం, గాలిమరకు మాత్రం గోడలు. 500 అడుగుల చుట్టుపక్కల ఉన్న ఎత్తైన చెట్టు లేదా ఇంటి కంటే రెక్కల కింది అంచు కనీసం 30 అడుగులు పైన ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. కొబ్బరిచెట్టు 60 అడుగులుంటే రెక్కలు 90 అడుగుల పైన తిరగాలి. ఆ స్తంభానికి పునాది, నాలుగు వైపులా స్టే వైర్లు, రిపేరుకు కిందికి వాల్చడానికి ఖాళీ జాగా.. ఖర్చు మరను మించిపోవచ్చు. స్తంభం ఎందుకు, మేడ మీదే పెట్టేద్దాం అంటారా? గోడకు కొట్టుకున్న గాలి శ్లాబ్ మీద సుడులు తిరుగుతుంది. ఆ సుడిలో మర అటూ ఇటూ ఊగుతుందే గానీ కరెంటు రాదు. పైగా అదురు శ్లాబ్‌లోకి దిగుతుంది, పడుకున్నవాళ్లకు తెలుస్తుంది.

గుంటుపల్లి గుహలున్న జీలకర్రగూడెం కొండ ఎక్కితే గాలి మొహానికి కొడుతుంది నిజమే. కానీ అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కొండ, మన తోట దాని కింద ఉంది. తిరుమలలో కాకులకొండ మీద గాలిమరలు, అనంతపురం వైపు రామగిరి గుట్టల మీద వరసగా నిలబడ్డ టవర్లు చాలామంది చూసే ఉంటారు. రాష్ట్రంలో పెద్ద మరలు దాదాపు అన్నీ రాయలసీమ గుట్టల మీదే ఉన్నాయంటే ఊరికే కాదు.

కొల్లేరు వైపు చెట్ల అడ్డం తక్కువ, అంతా బయలే. అక్కడ చిక్కు వేరే. రొయ్యల చెరువులో ఏరేటర్ అవసరం పడేది తెల్లవారుజామున, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ. గాలి స్తంభించిన రాత్రే ఆ ముప్పు ఎక్కువ. అంటే కరెంటు కావాల్సిన గంటకే మర ఆగిపోతుంది. ఇక +5 కాంటూరు లోపల అభయారణ్యం, పక్షులు.. అక్కడ ఆలోచనే వద్దు.

డబ్బు పెట్టకుండా చేసే పరీక్ష ఒకటుంది. మర పెట్టాలనుకున్న చోట పొడవాటి గెడకు రిబ్బన్ కట్టండి. రిబ్బన్ ఒకే వైపు నిటారుగా ఎగిరితే ఆశ ఉంది. అన్ని వైపులా మెలికలు తిరిగితే ఆ చోటు పనికిరాదు. ఆకులు మాత్రమే గలగలలాడితే గాలి 3 మీటర్ల లోపే. దుమ్ము, కాగితాలు లేచి, చిన్న కొమ్మలు ఊగితే 6 మీటర్ల దరిదాపుల్లో ఉన్నట్టు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి చూసి మురిసిపోవద్దు, చలికాలంలో కూడా చూడండి. గ్లోబల్ విండ్ అట్లాస్ సైట్ ఫోన్‌లోనే ఉచితంగా తెరుచుకుంటుంది. అందులో 10 మీటర్ల ఎత్తు ఎంచుకుని మీ ఊరి సగటు చూడొచ్చు. అయితే మీ కొబ్బరిచెట్లు ఆ మ్యాప్‌కు తెలియవు. నమ్మకం కుదిరితే గాలి మీటరు బిగించి ఏడాది రీడింగ్ తీయండి.

బోరు మోటారు కోసమైతే అసలు అక్కర్లేదు, వ్యవసాయానికి పగలు 9 గంటల ఉచిత కరెంటు ఉంది. ఇంటికైతే 1 కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, తిరిగే భాగం లేదు, బేరింగ్ అరగదు. పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు రూ.78 వేల సబ్సిడీ కూడా ఉంది. అది సోలార్‌కే, గాలిమరకు రాదు. లైను రాని తోట, చెట్లు లేని గుట్ట, నరసాపురం వైపు సముద్రపు ఒడ్డు.. ఇలాంటి చోట సోలార్‌కు తోడుగా చిన్న మర పెట్టడంలో అర్థముంది. ముసురు రోజుల్లో ఎండ లేకపోయినా గాలి ఆదుకుంటుంది. కానీ తుపాన్లు మరవొద్దు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటిది వస్తే రెక్కలు ఆపే బ్రేకు, స్తంభం కిందికి దించే ఏర్పాటు ఉండి తీరాలి.

ఇవన్నీ దాటి పెట్టాలనే నిర్ణయించుకుంటే, ముందు ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడగండి. మీ అంతట మీరు ఇంటి లైనుకు కలపొద్దు. సప్లై ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి వెనక్కి పోయిన కరెంటు తగిలితే ప్రాణమే పోతుంది.